పాఠం 14: గరిటె ఎంపిక – కలపడానికి ఒకటి, గీకడానికి ఒకటి

వంట పాత్రలు ఏ ఏ లోహాలతో తయారవుతాయో, వాటిలో ఏది ఏ పనికి ఉపయోగపడుతుందో మీరు కిందటి పాఠంలో తెలుసుకొన్నారు. పాత్ర కొనేటప్పుడు మనం బరువు చూస్తాం, మందం చూస్తాం, నలుగురినీ అడుగుతాం. గరిటె దగ్గరికి వచ్చేసరికి మాత్రం చేతికి అందినది తీసుకొంటాం. "ఏదైతేనేం, కలపడానికే కదా!" అనుకొంటాం.

ఇది నిజమేనా? ఒక్కసారి ఆలోచించండి. కిలో కోవా తయారు కావాలంటే సుమారు అయిదు లీటర్ల గేదె పాలు మరిగించాలి. చివరి పది నిమిషాలలో అడుగంటిందంటే మాడు వాసన కోవా అంతటికీ పడుతుంది. ఆ వాసనను పోగొట్టే ఉపాయం లేదు. పాలు, గ్యాసు, రెండు గంటల శ్రమ అన్నీ వృథా అవుతాయి. ఇంట్లో మిఠాయిలు చేసి అమ్ముకొనే వారికి అది ఆ రోజు సంపాదన. చాలాసార్లు దీనికి కారణం చేసేవారి అజాగ్రత్త కాదు. చేతిలోని గరిటె అంచు పాత్ర అడుగును తాకకపోవడమే కారణం.

"తెడ్డుండగా చెయ్యి కాల్చుకోవడమెందుకు?" అని సామెత. తెడ్డు ఉండటం ఒక్కటే చాలదు, ఆ తెడ్డు పనికి తగినదై ఉండాలి. తగిన గరిటెను గుర్తించే పద్ధతిని ఈ పాఠంలో నేర్చుకొందాం.

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• వంట పదార్థం ఎందుకు అడుగంటుతుందో వివరించగలుగుతారు;
• పాత్ర అడుగు ఆకారానికి తగిన గరిటె అంచును గుర్తించగలుగుతారు;
• పాత్ర పూతకు హాని చేయని గరిటెను ఎంపిక చేయగలుగుతారు;
• కాడ పొడవు, పట్టు సరిగా ఉన్నాయో లేదో పరీక్షించగలుగుతారు;
• గరిటెను శుభ్రంగా ఉంచడం, ఎప్పుడు మార్చాలో నిర్ణయించడం తెలుసుకొంటారు.

14.1 అడుగు ఎందుకు అంటుతుంది?

పొయ్యి మీద నీళ్లు పెట్టామనుకోండి. అడుగున వేడెక్కిన నీరు తేలికై పైకి లేస్తుంది, పైనున్న చల్లని నీరు కిందికి దిగుతుంది. ఈ కదలికను సంవహనం అంటారు. పలుచని పదార్థాలలో ఇది దానంతట అదే జరుగుతుంది. అందువల్ల మంచినీళ్లుగాని, చారుగాని అడుగంటవు.

చిక్కని పదార్థాల సంగతి వేరు. రాగి సంగటి, ఉప్మా, హల్వా, కోవా వంటివి చిక్కబడిన కొద్దీ లోపలి కదలిక తగ్గిపోతుంది. అడుగునున్న పొర అక్కడే ఉండిపోతుంది. దానిలోని నీరు ఆవిరైపోతుంది. నీరు ఉన్నంతవరకు వేడి సుమారు 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర నిలిచి ఉంటుంది. నీరు పోయిన చోట వేడి ఇంకా పెరుగుతుంది. అప్పుడు పిండిపదార్థం, చక్కెర, పాలలోని మాంసకృత్తులు మొదట గోధుమరంగుకు మారి, ఆ తరువాత నల్లగా మాడతాయి.

కాబట్టి కలపడం అంటే పైపైన తిప్పడం కాదు. పదార్థం తనంతట తాను కదలలేనప్పుడు దానిని అడుగు నుంచి లేపి పైకి తేవడం. అంటే సంవహనం చేయవలసిన పనిని అప్పుడు గరిటె చేస్తుంది. గరిటె తాకని చోట ఆ పని జరగదు.

14.2 అంచు, అడుగు కలవాలి

మీ వంటింట్లోని పాత్రల అడుగులను ఒకసారి పరిశీలించండి. అవి ముఖ్యంగా రెండు రకాలుగా ఉంటాయి:

(అ) గుండ్రటి అడుగు: మూకుడు, బాణలి, కుండ.
(ఆ) బల్లపరుపు అడుగు: పాలగిన్నె, కుక్కరు, పెనం, నిలువు అంచుల గిన్నెలు.

గుండ్రటి అంచు ఉన్న గరిటెను బల్లపరుపు అడుగు మీద నిలబెడితే అది ఒక్క బిందువు దగ్గర మాత్రమే తాకుతుంది. దానికి ఇరుపక్కలా సందు ఉంటుంది. తిన్నని అంచు ఉన్న అట్లకాడను మూకుడులో నిలబెడితే రెండు మూలలు మాత్రమే తాకుతాయి, నడుమ సందు ఉంటుంది. ఆ సందులోనే పదార్థం మాడుతుంది.

ఒక చిన్న లెక్క చూడండి. 20 సెంటీమీటర్ల వెడల్పున్న బల్లపరుపు అడుగు గిన్నె ఉంది. గుండ్రటి గరిటె ఒకసారి లాగితే 1 సెంటీమీటరు వెడల్పున అడుగు శుభ్రమవుతుందనుకొందాం. 5 సెంటీమీటర్ల తిన్నని అంచు ఉన్న తెడ్డు లాగితే 5 సెంటీమీటర్లు శుభ్రమవుతుంది. మొదటి దానితో అడుగంతా ఒకసారి తాకడానికి 20 సార్లు లాగాలి, రెండవ దానితో 4 సార్లు చాలు. చేయి అదే, శ్రమ మాత్రం అయిదు రెట్లు తేడా!

మరొక చోటు కూడా ఉంది. బల్లపరుపు పాత్రలో అడుగు, పక్కగోడ కలిసే మలుపును చూడండి. పాలు, పాకం ఎక్కువగా పట్టుకొనేది అక్కడే. తెడ్డుకు రెండు మూలలూ పదునైన కోణాలుగా ఉంటే అవి ఈ మలుపులో ఇమడవు. ఒక మూల కొద్దిగా గుండ్రంగా ఉన్న తెడ్డు అడుగునూ, మలుపునూ కూడా తుడుస్తుంది.

మన ఇళ్లలో ఈ మధ్య కాలంలో వచ్చిన మార్పు ఒకటి గమనించండి. ఇండక్షన్ పొయ్యికి బల్లపరుపు అడుగు పాత్రలు కావాలి. పొయ్యితోపాటు పాత్రలు మార్చుకొన్న వారు కూడా గరిటెలు మాత్రం మూకుడు నాటివే వాడుతుంటారు. "ఈ పొయ్యి మీద అన్నీ మాడుతున్నాయి" అని పొయ్యిని నిందిస్తారు. పాత్ర మారినప్పుడు గరిటె కూడా మారాలి.

కృత్యం 1

ఒక చెంచా బియ్యప్పిండిలో కొంచెం నీరు పోసి జారుగా కలపండి. దీనిని మీరు రోజూ వాడే గిన్నె అడుగున పలుచగా పూయండి. పొయ్యి వెలిగించవద్దు. మీ దగ్గరున్న గరిటెలను ఒక్కొక్కటిగా తీసుకొని, ప్రతి దానితో ఒక్కసారి మాత్రమే అడుగు మీదుగా లాగండి. ప్రతిసారీ పూతను మళ్లీ సరిచేయండి. ఏర్పడిన చార వెడల్పును స్కేలుతో కొలిచి మీ నోటుపుస్తకంలో రాయండి. ఇదే పరీక్షను మూకుడులో కూడా చేయండి. ఏ పాత్రలో ఏ గరిటె ఎక్కువ వెడల్పున శుభ్రం చేసింది? ఖరీదైన గరిటే నెగ్గిందా?

పాఠ్యగత ప్రశ్నలు 14.1

ఖాళీలను పూరించండి.
1. పలుచని పదార్థాలలో వేడి వల్ల కలిగే కదలికను __________ అంటారు.
2. బల్లపరుపు అడుగు పాత్రకు __________ అంచు ఉన్న తెడ్డు అనుకూలం.
3. తిన్నని అంచును మూకుడులో నిలబెడితే __________ మాత్రమే తాకుతాయి.

14.3 పని ఏది?

మన దేశంలో ప్రతి ప్రాంతంలోనూ గరిటెలకు వేరువేరు పేర్లు ఉన్నాయి. హిందీ మాట్లాడేవారి ఇళ్లలో 'పల్టా', బెంగాలీ ఇళ్లలో 'ఖుంతి', తమిళుల ఇళ్లలో 'తోసై తిరుప్పి' అంటే అట్లకాడ వంటివే. కన్నడంలో 'సౌటు' అంటే మన గరిటె. కేరళలో కొబ్బరి చిప్పకు కర్ర కాడ అమర్చిన గరిటె కనిపిస్తుంది. పేర్లు ఏవైనా, వాటి వెనుక ఉన్న పనులు కొన్నే. అవి:

(అ) తోడటం, వడ్డించడం: దీనికి గుంట ఉన్న గరిటె కావాలి. సాంబారు, పప్పు వంటివి తోడటానికే ఇది పుట్టింది. అడుగు కలపడానికి దీనిని వాడటం వల్లనే చాలా నష్టం జరుగుతుంది.

(ఆ) అడుగు నుంచి కలపడం: దీనికి బలమైన తెడ్డు కావాలి. సంగటి కెలికే తెడ్డు వంగకూడదు, ఎందుకంటే ముద్ద బరువు దాని మీద పడుతుంది. కోవాకు, హల్వాకు అంచు వెడల్పుగా ఉన్న తెడ్డు మేలు.

(ఇ) కిందికి దూరి తిరగేయడం: దీనికి అట్లకాడ కావాలి. ముందు అంచు పలుచగా, తిన్నగా ఉండాలి. అట్టుకూ పెనానికీ మధ్య దూరాలంటే అట్లకాడను దాదాపు పడుకోబెట్టి తోయాలి. అంచు మందంగా ఉంటే అట్టు చిరుగుతుంది.

(ఈ) గిన్నె గోడలు తుడవడం: దీనికి వంగే గుణం కావాలి. పిండి గిన్నె, చట్నీ మిక్సీ గిన్నె వంటి వాటికి సిలికాన్ రెక్క ఉన్న గరిటె తగినది. అది గిన్నె వంపును బట్టి తానే వంగుతుంది. అయితే ఈ మెత్తని గరిటెతో సంగటి కెలకలేం, అట్టు తిరగేయలేం.

(ఉ) నూనెలోంచి తీయడం: దీనికి చిల్లుల గరిటె కావాలి.

అందరికీ అయిదు రకాలు అవసరం లేదు. మీ ఇంట్లో వారానికి ఎక్కువసార్లు జరిగే పని ఏదో గుర్తించి, ముందు దానికి తగినది కొనండి.

14.4 పాత్ర పూత, గరిటె పదార్థం

ఇక్కడ ఒక్క సూత్రం గుర్తుంచుకోండి: గరిటె పాత్ర లోపలి తలం కంటే గట్టిగా ఉండకూడదు. రెండు వస్తువులు రాసుకొన్నప్పుడు మెత్తనిది అరుగుతుంది. గరిటె అరిగితే మరొకటి కొనుక్కోవచ్చు. పాత్ర పూత అరిగితే ఆ అరిగినది మన ఆహారంలో కలుస్తుంది, పాత్ర కూడా పాడవుతుంది.

ఇనుప పెనం, స్టీలు పాత్ర: వీటికి స్టీలు అట్లకాడ వాడవచ్చు. ఇనుప పెనం మీద నూనె కాగి ఏర్పడిన నల్లని పొర అట్లు అంటకుండా కాపాడుతుంది. అట్లకాడ మూలలు పదునుగా ఉంటే ఆ పొర గీసుకుపోతుంది. అందువల్ల మూలలు కొంచెం అరగదీసినవి మేలు.

కళాయి పూసిన ఇత్తడి, రాగి పాత్రలు: కళాయి అంటే తగరపు పూత. పులుపు తగిలి రాగి ఆహారంలో కలవకుండా ఈ పూత అడ్డుకొంటుంది. తగరం మెత్తని లోహం. దీనిలో స్టీలు గరిటెతో గీకితే పూత లేచిపోతుంది. తగరం 232 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది కాబట్టి ఈ పాత్రలను ఖాళీగా పొయ్యి మీద పెట్టకూడదు. వీటికి చెక్క తెడ్డే సరైనది. ఇదే కారణం చేత కళాయి లేని ఇత్తడి గరిటెను చింతపండు పులుసులో ఉంచకండి.

నాన్‌స్టిక్ పాత్రలు: వీటి మీద ఉండే పూతను సామాన్యంగా టెఫ్లాన్ అంటారు. ఈ పదార్థాన్ని 1938లో అమెరికా శాస్త్రవేత్త రాయ్ ప్లంకెట్ కనుగొన్నారు. 1950 దశకంలో ఫ్రాన్సులో దీనిని వంట పాత్రలకు పూయడం మొదలైంది. ఇది జారుడు గుణం ఉన్న పూతే గాని గట్టి పూత కాదు. లోహపు గరిటె దీనిపై గీతలు పెడుతుంది. చెక్క లేదా సిలికాన్ గరిటె వాడాలి. ఈ పాత్రను కూడా ఖాళీగా వేడి చేయరాదు. 260 డిగ్రీల సెల్సియస్ దాటితే పూత చెడటం మొదలవుతుంది.

నల్లని ప్లాస్టిక్ గరిటెలు: వీటిలో చాలావరకు నైలాన్‌తో చేసినవి. పాత్రలో వదిలేస్తే అంచు మెత్తబడి వంకర పోతుంది. జర్మనీ ప్రభుత్వానికి చెందిన ప్రమాద అంచనా సంస్థ 2019లో వీటి గురించి ఒక సలహా ఇచ్చింది. ఇటువంటి గరిటెలను, ముఖ్యంగా 70 డిగ్రీల సెల్సియస్ కంటే వేడిగా ఉన్న ఆహారంలో, వీలైనంత తక్కువ సేపు ఉంచాలన్నదే ఆ సలహా. మన కూరలు, పులుసులు వండేటప్పుడు 70 డిగ్రీలను సులభంగా దాటుతాయని మీకు తెలుసు.

చెక్క తెడ్లు: ఇవి ఏ పాత్రనూ గీయవు, త్వరగా వేడెక్కవు, పులుపుతో లోహం లాగా చర్య జరపవు. నెల్లూరు జిల్లాలోని ఉదయగిరి చెక్క చెంచాలకు, గరిటెలకు పేరుపొందింది. చెక్క తెడ్డు కొనేటప్పుడు రంగు, వార్నిష్ లేనిది ఎంచుకోండి. గరుకుగా, పేడులు లేచి ఉన్నది తీసుకోకండి.

పాఠ్యగత ప్రశ్నలు 14.2

సరైన వాక్యానికి 'ఒప్పు', కానిదానికి 'తప్పు' అని రాయండి.
1. కళాయి పాత్రలో స్టీలు గరిటెతో అడుగు గీకవచ్చు. ( )
2. సంగటి కెలకడానికి వంగే సిలికాన్ గరిటె తగినది. ( )
3. ఇనుప పెనం మీద స్టీలు అట్లకాడ వాడవచ్చు. ( )
4. నైలాన్ గరిటెను మరుగుతున్న కూరలో వదిలేయకూడదు. ( )

14.5 కాడ, చేయి

గరిటెకు రెండు కొసలు ఉంటాయి. ఇంతవరకు పాత్రలో ఉండే కొస గురించి చెప్పుకొన్నాం. ఇప్పుడు మన చేతిలో ఉండే కొస గురించి చూద్దాం.

కాడ పొడవు: గరిటె అంచు పాత్ర అడుగును తాకి ఉన్నప్పుడు మీ పిడికిలి పాత్ర అంచుకు జానెడు దూరంలో ఉండాలి. పిడికిలి సరిగ్గా పాత్ర మీదికి వస్తే ఆవిరి తగులుతుంది. ఆవిరి మరిగే నీటికంటే ఎక్కువగా కాలుస్తుంది. ఒక గ్రాము ఆవిరి చర్మం మీద నీరుగా మారేటప్పుడే సుమారు 540 కేలరీల వేడి విడుదలవుతుంది. ఒక గ్రాము మరిగిన నీరు మన శరీర ఉష్ణోగ్రతకు చల్లారేటప్పుడు విడుదలయ్యేది 63 కేలరీలే. అయితే కాడ మరీ పొడవైతే గరిటె బరువుకు చిన్న గిన్నె ఒరిగి బోర్లా పడుతుంది. పిల్లలున్న ఇంట్లో కాడ పొయ్యి అంచు దాటి బయటికి రాకుండా చూడాలి.

వేడి: అల్యూమినియం, స్టెయిన్‌లెస్ స్టీలు కంటే సుమారు 15 రెట్లు ఎక్కువగా వేడిని ప్రసరింపజేస్తుంది. చెక్క, స్టీలు కంటే సుమారు వంద రెట్లు తక్కువగా ప్రసరింపజేస్తుంది. అరగంటసేపు కలపవలసిన వంటకు అల్యూమినియం కాడ ఎందుకు పనికిరాదో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది.

పట్టు: పలుచని రేకు కాడ అరచేతిలో కోసుకుంటుంది. కొంచెం లావుగా, గుండ్రంగా ఉన్న కాడను పట్టుకోవడానికి తక్కువ బిగింపు చాలు. కీళ్ల నొప్పులున్న పెద్దవారికి ఇది చాలా ముఖ్యం. ఎడమచేతి వాటం ఉన్నవారు ఒక మూల మాత్రమే గుండ్రంగా ఉన్న తెడ్డును కొనేటప్పుడు తమ చేతికి సరిపోతుందో లేదో చూసుకోవాలి.

14.6 దుకాణంలో ఏం చూడాలి?

గిన్నెను దుకాణానికి తీసుకువెళ్లడం కష్టం. దానికి ఒక ఉపాయం ఉంది. ఇంట్లో ఒక అట్టముక్కను మీ మూకుడు లోపలి వంపుకు సరిపోయేలా కత్తిరించండి. దానిని వెంట తీసుకువెళ్లి గరిటె అంచు పక్కన పెట్టి చూడండి. వంపులు కలిస్తే అది మీ మూకుడుకు తగిన గరిటె. బల్లపరుపు పాత్రకైతే గరిటె అంచును దుకాణంలోని గాజు బల్ల మీద నిలబెట్టి, సందులోంచి వెలుతురు కనిపిస్తున్నదేమో చూడండి. తరువాత ఈ నాలుగూ గమనించండి:

1. కాడ, రెక్క కలిసే చోటు: అతుకు, రివెట్టు వదులుగా ఉన్నాయా? ఒక్కసారి గట్టిగా ఊపి చూడండి. అతుకులో సందులు ఉంటే అక్కడ ఆహారం చేరి కుళ్లుతుంది.
2. బోలు కాడ: కొస మూసి ఉందా? తెరిచి ఉంటే లోపల నీరు నిలుస్తుంది.
3. అంచు: వేలితో మెల్లగా తడమండి. గరుకు తగలకూడదు.
4. సిలికాన్, నైలాన్ గరిటెల మీద ఎంత వేడి వరకు వాడవచ్చో రాసి ఉందా? రాసి లేని దానిని పొయ్యి దగ్గర వాడకండి.

14.7 శుభ్రత, మార్పు

చెక్క తెడ్డును నీళ్లలో నానబెట్టకండి. నానితే ఉబ్బుతుంది, ఆరితే పగులుతుంది. వాడిన వెంటనే కడిగి, గాలి తగిలే చోట నిలబెట్టి ఆరనివ్వాలి. పగుళ్లు వచ్చిన తెడ్డును, బూజు వాసన వచ్చే తెడ్డును తీసివేయాలి. ఇనుప గరిటెను కడగగానే పొడిబట్టతో తుడిచి, ఒక చుక్క నూనె రాయాలి. నైలాన్, సిలికాన్ గరిటెల అంచు చిట్లినా, కరిగినా ఇక వాడరాదు. ఆ చిట్లిన ముక్క ఎక్కడికి పోయిందో ఒకసారి ఆలోచిస్తే కారణం మీకే తెలుస్తుంది.

కొన్ని ఏళ్లుగా వాడిన తెడ్డు ఒక పక్క అరిగి, మీ గిన్నె వంపుకు సరిగ్గా సరిపోయి ఉండవచ్చు. అది పాతదని పారేయకండి. పగుళ్లు, బూజు లేనంతవరకు అది కొత్త దానికంటే మీ పాత్రకు బాగా తగినది.

మీరు ఏం నేర్చుకొన్నారు?

• చిక్కని పదార్థంలో సంవహనం తగ్గడం వల్ల అడుగంటుతుంది. కలపడం అంటే అడుగు పొరను లేపడం.
• గరిటె అంచు ఆకారం పాత్ర అడుగు ఆకారంతో కలవాలి.
• తోడటం, కలపడం, తిరగేయడం, తుడవడం వేరువేరు పనులు.
• గరిటె పాత్ర లోపలి తలం కంటే గట్టిగా ఉండకూడదు.
• కాడ ఆవిరికి దూరంగా ఉండేంత పొడవుగా, వేడెక్కని పదార్థంతో ఉండాలి.
• ధరను బట్టి కాదు, పనిని, పాత్రను, చేతిని బట్టి గరిటెను ఎంచుకోవాలి.

పాఠాంత ప్రశ్నలు

1. చారు అడుగంటదు, కోవా అడుగంటుతుంది. కారణాలు వివరించండి.
2. ఒక గిన్నె అడుగు వెడల్పు 24 సెంటీమీటర్లు. ఒకసారి లాగితే 6 సెంటీమీటర్లు శుభ్రం చేసే తెడ్డుతో అడుగంతా ఒకసారి తాకడానికి ఎన్నిసార్లు లాగాలి? 2 సెంటీమీటర్లు శుభ్రం చేసే గరిటెతో ఎన్నిసార్లు?
3. మీ ఇంట్లో వంట చేసేవారిని అడిగి, వారికి ఇష్టమైన గరిటె ఏదో, ఎందుకో అయిదు వాక్యాలలో రాయండి. ఈ పాఠంలోని ఏ సూత్రం అందులో కనిపిస్తున్నది?
4. మీ పొరుగువారు కొత్త నాన్‌స్టిక్ పాత్ర కొని, పాత స్టీలు అట్లకాడనే వాడుతున్నారు. వారికి మీరు ఏమని సలహా ఇస్తారు?

పాఠ్యగత ప్రశ్నలకు జవాబులు

14.1: 1. సంవహనం 2. తిన్నని 3. రెండు మూలలు
14.2: 1. తప్పు 2. తప్పు 3. ఒప్పు 4. ఒప్పు

పాఠాంత ప్రశ్న 2కు జవాబు: తెడ్డుతో 4 సార్లు, గరిటెతో 12 సార్లు. మిగిలిన ప్రశ్నలకు జవాబులు రాసి, వీలైతే మీ అధ్యయన కేంద్రంలోని తోటివారి జవాబులతో పోల్చి చూసుకోండి. కృత్యం 1లో మీరు కొలిచిన అంకెలను కూడా వెంట తీసుకువెళ్లండి.